టేకు వలయాలకు ఏళ్లు కట్టడం ఎలా

టేకు మొద్దు మీద వలయాలు లెక్కపెట్టడం ఎవరికైనా వస్తుంది. ఏ వలయం ఏ ఏటిదో తేల్చడమే అసలు పని. అందుకు చెట్టు కొట్టక్కర్లేదు, ఇంక్రిమెంట్ బోరర్ అనే బోలు బర్మాతో 5 మిల్లీమీటర్ల మందం కర్ర పుల్ల (కోర్) తీస్తే చాలు. అటవీ శాఖ అనుమతి మాత్రం ముందే ఉండాలి.

వాగు ఒడ్డు చెట్లు వద్దు. వాటికి ఎప్పుడూ తడి అందుతుంది కాబట్టి కరువు ఏటి వలయం కూడా సన్నబడకుండా మామూలుగానే కనిపిస్తుంది. మట్టి పలచగా ఉన్న గుట్టవాలు మీది పాత చెట్లు చూసుకోండి. 20 చెట్లు, చెట్టుకు రెండేసి కోర్లు. ఆకు రాలాక తీయండి. 2025 ఫిబ్రవరిలో తీస్తే బెరడును ఆనుకున్న వలయం 2024ది. వానల్లో తీస్తే చివరి వలయం సగంలోనే ఉంటుంది.

నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున, వాలుకు అడ్డంగా, చెట్టు నడిబొడ్డుకు గురిపెట్టి బోరర్ తిప్పండి. కోర్ బయటికి రాగానే బోరర్ కూడా తీసేయండి. కాసేపు వదిలేస్తే కర్ర పట్టేసి, తిప్పబోతే విరుగుతుంది. కోర్‌ను కాగితపు స్ట్రాలో పెట్టి చెట్టు నంబరు, దిక్కు, తేదీ రాయండి. ప్లాస్టిక్ స్ట్రాలో బూజు పడుతుంది.

నీడలో ఆరాక గాడి చెక్కలో జిగురుతో అతికించండి, పచ్చిగా అతికిస్తే ఎండేటప్పుడు పగులుతుంది. నార నిలువుగా నిలబడాలి. పడుకోబెడితే రంధ్రాలకు బదులు పొడుగాటి గీతలే కనిపిస్తాయి. శాండ్‌పేపర్ 120తో మొదలుపెట్టి 220, 320, 400 మీదుగా 600 దాకా రుద్దండి. రంధ్రాల్లో దుమ్ము ఊదేసి, సుద్దపొడి అద్దితే అవి తెల్లగా తేలతాయి.

ఇక టేకు చేసే మోసం. వానాకాలం మధ్యలో ఎండ కాసి మళ్లీ వాన పడితే దొంగ వలయం పుడుతుంది. మైక్రోస్కోపు కింద చూడండి: అసలు వలయంలో సన్న రంధ్రాల పక్కనే హఠాత్తుగా పెద్ద రంధ్రాల వరుస, దానితో లేత రంగు పట్టీ మొదలవుతాయి. దొంగ వలయంలో అంచు మసకగా ఉంటుంది, రంధ్రాలు మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతాయి. దాన్ని లెక్కలోకి తీసుకున్నారా, లోపలి వలయాలన్నీ ఒక ఏడు వెనక్కి జరుగుతాయి. 1899 కరువు 1898లో కనిపిస్తుంది.

పెన్సిల్‌తో పదేళ్లకో చుక్క, యాభైకి రెండు, నూరుకి మూడు పెట్టుకోండి. పక్కవాటికంటే సన్నని వలయాలను గ్రాఫు కాగితం మీద నిలువు గీతలుగా గీయండి. ఎంత సన్నమైతే గీత అంత పొడుగు. ముందు ఆ గీతల వరుసలను చెట్టుకూ చెట్టుకూ కుదర్చండి. ధాత కరువు 1876–78లో వచ్చింది కదా అని అక్కడికి సన్న వలయాన్ని లాక్కురావద్దు. అలా చేస్తే వాతావరణం గురించి చెట్టు కొత్తగా చెప్పేది ఏమీ ఉండదు.

ఆ తర్వాతే 0.01 మిల్లీమీటరు కచ్చితత్వంతో వలయాల వెడల్పు కొలిచి, ఏళ్లు సరిచూసే కోఫెకా (COFECHA) అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో వేయండి. అది 50 ఏళ్ల ముక్కలుగా సరిచూసి లెక్క ఎక్కడ పక్కకు జరిగిందో చూపిస్తుంది. చూపించిన చోట అంకె దిద్దేయకండి. అదే చెట్టు రెండో కోర్‌ను మళ్లీ మైక్రోస్కోపు కింద పెట్టండి.