రోలర్ స్కేటర్‌ను బైక్ ఢీకొంటే అక్కడికక్కడ ఏం చేయాలి?

స్కేట్లు వేసుకున్న మనిషిని బైకో స్కూటరో గుద్దితే తగిలే దెబ్బలు, నడిచి వెళ్లేవాళ్లకు తగిలేవాటిలా ఉండవు. చక్రాల మీద నిలబడ్డ కాలికి నేల పట్టు దొరకదు. బైక్ ముందు చక్రమో లెగ్‌గార్డో మోకాలి కింద తగలగానే కాళ్లు పక్కకు జారిపోతాయి, పొట్టో తుంటో హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది, చివరికి చేతులు చాపి నేల మీద పడతారు. అందుకే పిక్క ఎముక, పొట్ట, మణికట్టు, తల ఈ నాలుగింటినీ ముందు చూడాలి. చుట్టూ చేరినవాళ్లు మాత్రం తరచుగా చేసేది వేరే: లేపి కూర్చోబెట్టడం, స్కేట్లు లాగేయడం. ఈ రెండూ వద్దు.

మొదట రోడ్డును ఆపండి

ఒకరిని వెనక్కి పంపి వచ్చే బండ్లను ఆపించండి. ఇంకొకరు అంబులెన్స్‌కు ఫోన్ చేయాలి. బైక్ తాళం తిప్పి ఇంజిన్ ఆపేయండి. పడిపోయిన బండి నుంచి పెట్రోలు కారుతుంటే దగ్గర్లో ఎవరినీ సిగరెట్ వెలిగించనివ్వకండి. బండి మనిషి మీద పడి ఉంటే లాగకుండా ఇద్దరు ముగ్గురు కలిసి నిలువుగా ఎత్తండి. బైక్ నడిపినవాళ్లకూ దెబ్బలు తగిలి ఉంటాయి. గట్టిగా అరుస్తున్నవాళ్లకు ఊపిరి ఆడుతున్నట్టే కాబట్టి, చప్పుడు లేనివాళ్ల దగ్గరికి ముందు వెళ్లండి.

తల, ఊపిరి

తల వైపు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో తలను కదలకుండా పట్టుకోండి. పేరు అడగండి. తల ఊపకుండా నోటితోనే జవాబు చెప్పమనండి. హెల్మెట్ ఉంటే ఉండనివ్వండి. ఊపిరి ఆడకపోతేనో, వాంతి నోట్లో అడ్డుపడితేనో తీయాలి. అప్పుడు ఒకరు మెడను కింద నుంచి పట్టుకోవాలి, రెండోవాళ్లు నిదానంగా హెల్మెట్ జార్చాలి.

10 సెకన్లు చూసినా మామూలు ఊపిరి కనిపించకపోతే ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున నొక్కండి. అక్కడక్కడ ఎగశ్వాస తీయడం మామూలు ఊపిరి కింద లెక్క కాదు.

రక్తం

శుభ్రమైన గుడ్డ పెట్టి అరచేతితో బలంగా, మధ్యలో తీసి చూడకుండా నొక్కి ఉంచండి. గుడ్డ తడిసిపోతే దాని మీదే ఇంకోటి వేయండి. ఎముక బయటికి వచ్చి ఉంటే లోపలికి తోయకండి. తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి, చుట్టూ నొక్కండి.

స్కేట్ ఉంచాలా, తీయాలా?

గట్టి బూటు ఉన్న స్కేట్ చీలమండను బద్ద కట్టినట్టే పట్టి ఉంచుతుంది. లాగితే విరిగిన ఎముక కొన రక్తనాళాన్నో నరాన్నో చీల్చవచ్చు. కాబట్టి సాధారణంగా అలాగే ఉంచాలి. కాకపోతే కాలు కాస్త కదిలినా చక్రాలు దొర్లి పాదం మెలిపడుతుంది. పాదానికి రెండు పక్కలా చుట్టిన జాకెట్లో తువ్వాళ్లో ఆనించండి. నొప్పి సరిగ్గా బూటు పై అంచు దగ్గర ఉందంటే అక్కడ ఎముక విరిగిందనే అనుకోండి. బూటు లోపల కాలు కదలదు, దెబ్బ బలమంతా ఆ అంచు మీదే పడుతుంది.

వేళ్లు కనిపించవు కాబట్టి అడగాలి: కదిలించగలుగుతున్నారా, తిమ్మిరిగా ఉందా, లోపల బిగుతు పెరుగుతోందా? తిమ్మిరి ఉన్నా, నొప్పి నిమిషనిమిషానికీ పెరుగుతున్నా, బూటులోంచి రక్తం కారుతున్నా బిగువు తగ్గించాలి. ముందు పై బకిల్, తర్వాత పట్టీ విప్పి, లేసులను పై నుంచి కింది దాకా కత్తిరించండి. లేసుల కింద ఉండే బూటు నాలుకను వెడల్పుగా తెరిచి, బూటును పాదం కిందే వదిలేయండి. బకిల్ ఇరుక్కుంటే దాని పట్టీని కోసేయండి. రక్తం ఆపడానికి బూటు తీయక తప్పకపోతే ఒకరు పిక్కనూ చీలమండనూ కదలకుండా పట్టుకోవాలి, మరొకరు మడమ వైపు నుంచి మెల్లగా జార్చాలి.

మణికట్టు గార్డు కూడా అంతే, చేతికి ఆసరాగా ఉండనివ్వండి. వాపు వస్తుంటే పట్టీలు వదులు చేయండి. ఉంగరాలు మాత్రం వెంటనే తీసేయండి, తర్వాత రావు.

పైకి కనిపించని దెబ్బ

హ్యాండిల్ పొట్టకు తగిలితే చర్మం మీద చిన్న గుండ్రటి కమిలిన మచ్చే ఉండొచ్చు. లోపల ప్లీహమో కాలేయమో చీలి రక్తం కారుతూ ఉండొచ్చు. ముఖం పాలిపోవడం, చల్లటి చెమట, నాడి వేగంగా కొట్టుకోవడం, ఎడమ భుజంలో కారణం లేని నొప్పి గుర్తులు. "నాకేం కాలేదు" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆపరేషన్ అవసరం పడొచ్చు కాబట్టి తిండి, నీళ్లు ఇవ్వకండి.

కాలిన గాయం, చర్మం దోక్కుపోవడం

సైలెన్సర్ తగిలి పిక్క కాలితే 20 నిమిషాలు పారే నీళ్ల కింద ఉంచండి. ఐస్, టూత్‌పేస్ట్ వద్దు. రోడ్డుకు రాసుకుని దోక్కుపోయిన గాయంలో ఇరుక్కున్న ఇసుక, తారు రేణువులను అదే రోజు కడిగించకపోతే నల్లటి మచ్చలు చర్మంలోనే ఉండిపోతాయి. రోడ్డు మట్టి పట్టిన గాయానికి, చివరి టెటనస్ టీకా వేయించుకుని 5 ఏళ్లు దాటితే మళ్లీ వేయించుకోవాలి.

ఆసుపత్రిలో చెప్పాల్సినవి

బండి సుమారు ఎంత వేగంతో, ఏ వైపు నుంచి తగిలింది, మనిషి ఎంత దూరం ఎగిరి పడ్డాడు, తెలివి తప్పాడా, హెల్మెట్ పగిలిందా. పగిలిన హెల్మెట్‌ను వెంట తీసుకెళ్లండి, తల ఎటు గుద్దుకుందో అది చెబుతుంది.

ఇంటికి పంపించినా మొదటి రెండు రోజులు ఒంటరిగా ఉంచకండి. మళ్లీమళ్లీ వాంతులు, లేపినా లేవనంత మగత, ఒక కంటిపాప పెద్దదవడం, చెవిలోంచో ముక్కులోంచో పల్చటి నీరు కారడం కనిపిస్తే వెంటనే వెనక్కి తీసుకెళ్లాలి. కట్టు కట్టిన పిక్క రాయిలా బిగుసుకుని, కాలివేళ్లను ఎవరైనా పైకి వంచితే భరించలేనంత నొప్పి వస్తుంటే అది కండరాల లోపల ఒత్తిడి పెరిగిన గుర్తు. గంటల్లో ఆపరేషన్ జరగకపోతే కండరం చచ్చిపోతుంది. తెల్లారేదాకా ఆగకండి.