వానలకు ముందు పాత కారు బ్రేకులు: ఇంట్లోనే విప్పేవాళ్లకు జాగ్రత్తలు

మృగశిర కార్తె వస్తోందంటే హైదరాబాద్‌లో అందరికీ చేపలు గుర్తొస్తాయి. నాకు మా పాత జెన్ బ్రేకులు గుర్తొస్తాయి. 15 ఏళ్లు దాటి, మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించుకున్న బండి. వానలు పడేలోపు ముందు చక్రాల బ్రేకు ప్యాడ్లు నేనే విప్పి చూస్తాను. మందం 3 మిల్లీమీటర్లకు తగ్గితే రెండు పక్కలా కలిపి మార్చేస్తాను.

ఇంట్లో చేసుకోదగ్గ పని ఈ ప్యాడ్లు, వెనక డ్రమ్ముల్లోని బ్రేకు షూల వరకే. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను నెట్టేది), ఇనుప పైపులు, బూస్టర్ (పెడల్ బలాన్ని పెంచేది) జోలికి పోవద్దు. పెడల్ మీద కాలు అదిమి ఉంచితే మెల్లగా కిందికి దిగిపోతోందా? బండి కదపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలవండి.

నన్నడిగితే బ్రేకుల కంటే జాకీతోనే భయం ఎక్కువ. మన అపార్ట్‌మెంట్ సెల్లార్లలో నేల చదునుగానే కనిపిస్తుంది గానీ, కడిగిన నీళ్లు పోవడానికి ఎటో ఒకవైపు వాలు పెట్టి ఉంటారు. ఒక గోలీ పెట్టి చూడండి, ఎటు దొర్లుతుందో తెలుస్తుంది. ర్యాంపు మీద మాత్రం అస్సలు వద్దు. బండితో వచ్చిన జాకీ స్టెప్నీ వేసుకోవడానికే పనికొస్తుంది, దాన్ని నమ్ముకుని బండి కింద చెయ్యి పెట్టకండి. జాక్ స్టాండ్ల జత ఒకటి కొనుక్కోండి, రాణిగంజ్‌లో దొరుకుతాయి. ఇటుకలు పేర్చేవాళ్లను చూశాను. ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది. విప్పిన చక్రాన్ని కూడా బండి కిందికి తోసి ఉంచితే, జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది.

చక్రం నట్లను బండి నేల మీద ఉండగానే కాస్త వదులు చేసుకోవాలి. పైకి లేపాక పానా మీద బలమంతా పెట్టారంటే బండి ఊగుతుంది. ముందు చక్రం విప్పేటప్పుడు హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టాలి. వెనక డ్రమ్ము ఊడాలంటే హ్యాండ్ బ్రేక్ దించాల్సిందే కాబట్టి, అప్పుడు ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు, బండి మొదటి గేరులో. డ్రమ్ములో స్ప్రింగులు ఎలా ఉన్నాయో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఒక పక్క పూర్తయ్యాకే రెండోది విప్పండి.

లోపలి నల్లపొడిని నోటితో ఊదొద్దు, ఎయిర్ కొట్టొద్దు. పాత షూల పొడిలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. మాస్కు పెట్టుకుని, తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి.

క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) విప్పాక దాన్ని రబ్బరు పైపు మీద వేలాడదీయకండి. ఆ బరువుకు పాత పైపు లోపల చిరిగినా పైకి కనపడదు. బైండింగ్ వైరుతో సస్పెన్షన్ స్ప్రింగుకు కట్టేయండి. ఎలాగూ చేతిలో ఉంది కదా, పైపును కొద్దిగా వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే ఆ పని మెకానిక్‌దే.

కొత్త ప్యాడ్లు పట్టడానికి క్యాలిపర్‌లోని పిస్టన్‌ను లోపలికి నొక్కినప్పుడు బానెట్ కింద బ్రేక్ ఆయిల్ డబ్బా పొంగొచ్చు. అది పెయింట్‌ను తినేస్తుంది, పడిన చోట వెంటనే నీళ్లు పోయండి. ఆ ఆయిల్ గాలిలోని తడిని కూడా పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం కొత్త ఆయిల్ మరిగేది కనీసం 205 డిగ్రీల దగ్గర. తడి చేరేకొద్దీ అది 140 దాకా పడిపోవచ్చు. జూబ్లీహిల్స్ దిగుడు రోడ్లలో బ్రేకు తొక్కుతూ వచ్చే బండిలో అలాంటి ఆయిల్ మరిగిందంటే పెడల్ స్పాంజిలా లోపలికి పోతుంది. అందుకే రెండేళ్లకోసారి మార్పించండి. నిరుడు సగం వాడి దాచిన డబ్బాలోది పోయకండి. మూత మీద డాట్ 3 అని ఉంటే సిలికాన్ రకం డాట్ 5 అసలే కలపకూడదు.

ఇక నేను చేసిన తప్పు. ఒకసారి ప్యాడ్లు వేసి, చేతులు కడుక్కుని, దర్జాగా స్టార్ట్ చేసి రివర్స్ తీశాను. బ్రేకు తొక్కితే పెడల్ నేలకు తగిలింది. వెనక్కి నెట్టిన పిస్టన్లు ఇంకా ప్యాడ్ల దాకా రాలేదు మరి! హ్యాండ్ బ్రేక్ లాగేలోపు పక్క ఫ్లాట్ అంకుల్ స్కూటర్ అద్దం పోయింది. ఇంజిన్ ఆన్ చేయకముందే పెడల్ గట్టిపడేదాకా పది పదిహేనుసార్లు తొక్కండి. తర్వాత ఆయిల్ మట్టం చూసుకోండి. ఎంత తొక్కినా మెత్తగానే ఉంటే లైనులో గాలి చేరినట్టే, రోడ్డెక్కొద్దు.

మొదటి ట్రయల్ సందులోనే, నడక వేగంతో. ఓ 50 కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్లీ ఒకసారి బిగించండి. పాత ఆయిల్‌ను డ్రైనేజీలో పారబోయకండి, సీసాలో పోసి మూత పెట్టి మెకానిక్ షాపులో ఇచ్చేయండి. తాగేనీళ్ల సీసా మాత్రం వాడొద్దు, ఇంట్లో పిల్లలుంటారు.