తెలుగువారిని తెలుగులోనే అడగాలి: ఉద్యోగుల ప్రవర్తనపై సర్వే పరిశోధన చేసే పద్ధతి

మేనేజ్‌మెంట్ విభాగంలో పీహెచ్‌డీకి గానీ, ఎంబీఏ ప్రాజెక్టుకు గానీ ఉద్యోగుల ప్రవర్తనను అంశంగా తీసుకునేవారిలో ఎక్కువమంది ఒకే దారిన నడుస్తారు. ఇంగ్లిష్‌లో సిద్ధంగా ఉన్న ఒక కొలమానాన్ని (ఒక భావనను కొలవడానికి రాసిన వాక్యాల జాబితాను) తీసుకుంటారు, దానిని గూగుల్ ఫామ్‌గా మార్చి వాట్సాప్‌లో పంపుతారు, వచ్చిన అంకెలను సాఫ్ట్‌వేర్‌కు అప్పగిస్తారు. విశ్లేషణ నేర్చుకోవడానికి నెలల తరబడి కష్టపడేవారు కూడా, ఆ ప్రశ్న అవతలి మనిషికి ఎలా అర్థమైందో తెలుసుకోవడానికి ఒక్క పూట కేటాయించరు. జవాబు పుట్టిన చోటే తేడా వస్తే ఆ తరువాత ఎంత గట్టి గణాంకమైనా దానిని దిద్దలేదు. అందుచేత ఇక్కడ మిగిలిన దశలను అవసరమైనంత మేరకే చెప్పి, ప్రశ్నావళిని తెలుగులోకి తెచ్చే పనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. వివరణ గాలిలో ఉండకుండా ఒకే ఉదాహరణను పట్టుకుని సాగుదాం: ప్రైవేటు ఆసుపత్రుల్లో పనిచేసే నర్సులకు తమ ఇన్‌చార్జి సిస్టర్ నుంచి అందే అండకూ, ఉద్యోగం మానేయాలన్న ఆలోచనకూ మధ్య సంబంధం ఉందా?

ముందుగా ప్రశ్న, పథకం

శీర్షికలో "ప్రభావం" అన్న మాటను రాసే ముందు ఒకసారి ఆగాలి. ఒకే రోజున ఒకే కాగితం మీద అండ గురించీ, మానేయాలన్న ఆలోచన గురించీ అడిగితే తెలిసేది సంబంధం మాత్రమే. అండ లేకపోవడం వల్ల మానేయాలనిపిస్తోందా, మానేయాలని నిశ్చయించుకున్న మనిషికి ఇన్‌చార్జి చేసేదంతా తప్పుగా తోస్తోందా అన్నది ఆ కాగితం చెప్పదు. కారణాన్ని గురించి మాట్లాడాలంటే పోలికకు ఇంకొక గుంపైనా ఉండాలి, లేదా కాలంలో ఎడమైనా ఉండాలి. దీనికి మన నేల మీదనే మంచి ఉదాహరణ ఉంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ బృందం 1964లో కాకినాడ వ్యాపారులకు హైదరాబాదులోని సియెట్ అనే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో సాధన ప్రేరణపై, అంటే ఏదైనా సాధించాలన్న తపనపై, శిక్షణ ఇప్పించినప్పుడు, పోలిక కోసం పక్కనే ఉన్న రాజమండ్రిని ఎంచుకుంది. శిక్షణ పొందినవారు ఆ తరువాత వ్యాపారంలో ఏమి చేశారన్నది, పొందనివారితో పోల్చి చూసినప్పుడే అర్థవంతమవుతుంది. ఆ సియెట్ సంస్థే నేడు యూసఫ్‌గూడలో సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల జాతీయ సంస్థగా నడుస్తోంది.

ఎంబీఏ విద్యార్థికి అంతటి ప్రయోగం సాధ్యం కాకపోవచ్చు. అతడు చేయగలిగింది, అండకు సంబంధించిన ప్రశ్నలను మొదటి విడతలోనూ, మానేయాలన్న ఆలోచనను నాలుగు నుంచి ఆరు వారాల తరువాత రెండవ విడతలోనూ అడగడం. ఒకే మనిషి, ఒకే కూర్చోవడంలో, ఒకే మనఃస్థితిలో అన్నింటికీ జవాబిచ్చినప్పుడు సంబంధం ఉన్నదానికంటే పెద్దదిగా కనబడే ప్రమాదాన్ని పోడ్‌సకాఫ్, ఆయన సహచరులు 2003లో విస్తారంగా చర్చించారు. విడతలను విడదీయడం దానికి వారు సూచించిన మార్గాలలో ఒకటి. చాలామంది దీనిని వదిలేసి, చివర్లో, ఈ ప్రమాదం ఉందో లేదో చూసే హార్మన్ పరీక్ష చేశామని ఒక వాక్యం రాసి గట్టెక్కుతారు. ఆ పరీక్ష బలహీనమైనదని మౌఖిక పరీక్షకు వచ్చే ఏ పెద్దమనిషికైనా తెలుసు.

కొలమానాన్ని తెలుగులోకి తేవడం

కొలమానాన్ని సొంతంగా తయారు చేయడం కంటే ఇదివరకే పరీక్షకు నిలిచిన దానిని తీసుకోవడం మేలు. సంస్థ పట్ల నిబద్ధతకు అలెన్, మేయర్‌లది, పనిలో లీనతకు 17 వాక్యాల ఉట్రెక్ట్ కొలమానం, దాని 9 వాక్యాల చిన్న రూపం, ఉద్యోగ స్వభావానికి హాక్‌మన్, ఓల్డ్‌హామ్‌లది ఎక్కువ వాడుకలో ఉన్నాయి. వాడే ముందు కర్తల షరతులు చదవాలి, అనుమతి కావలసి వస్తే ఈ-మెయిల్ రాయాలి, వచ్చిన జవాబును భద్రపరచాలి.

అనువాదానికి ప్రామాణికంగా చెప్పుకునే పద్ధతి బ్రిస్లిన్ 1970లో వివరించిన తిరుగు అనువాదం. రెండు భాషలూ బాగా వచ్చిన ఒకరు ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి చేస్తారు. మూలాన్ని చూడని మరొకరు ఆ తెలుగును తిరిగి ఇంగ్లిష్‌లోకి చేస్తారు. రెండు ఇంగ్లిష్ పాఠాలనూ పక్కపక్కన పెట్టి, అర్థం ఎక్కడ జారిందో చూసి దిద్దుతారు. ఇది అవసరమే గానీ, ఇది ఒక్కటే చాలదని నా అభిప్రాయం. ఎందుకంటే ఇద్దరూ చదువుకున్నవారే, ఇద్దరికీ గ్రాంథిక పదాలు తెలుసు. మొదటివారు "సంస్థాగత నిబద్ధత" అని రాస్తే రెండవవారు దానిని తడుముకోకుండా మూలపదంలోకే తిప్పుతారు, పరీక్ష నెగ్గినట్టే ఉంటుంది. నైట్ డ్యూటీ చేసి వచ్చిన సిస్టర్‌కు మాత్రం ఆ మాట ఏ చిత్రాన్నీ చూపించదు.

నేను ఈ పాఠాన్ని నా సొంత పొరపాటుతో నేర్చుకున్నాను. చాలా ఏళ్ల క్రితం గోదావరి జిల్లాలోని ఒక మిల్లులో, ఈ కంపెనీలో నేను కుటుంబ సభ్యుడిలా ఉన్నాననిపిస్తుంది అన్న అర్థం వచ్చే వాక్యాన్ని ఇచ్చాను. ఒక పెద్దాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "మేం వాళ్ల చుట్టాలం కాదండీ, బయటివాళ్లం" అని నిజాయితీగా "ఒప్పుకోను" దగ్గర టిక్కు పెట్టాడు. ఆ మిల్లులో ఆయన ముప్పై ఏళ్లుగా ఉన్నాడు, యజమాని ఇంట్లో పెళ్లికి వారం రోజులు ముందే వెళ్లి పనులు చూసుకున్నాడు. కొలమానం లెక్క ప్రకారం మాత్రం ఆయనకు సంస్థతో అనుబంధం తక్కువ. బంధువులే భాగస్వాములుగా నడిపే చోట "కుటుంబం" అన్నది ఉపమానం కాదు, ఎవరు వాటాదారులో చెప్పే మాట. ఆ వాక్యాన్ని తరువాత "ఈ కంపెనీలో అందరూ నన్ను సొంత మనిషిలా చూస్తారు" అని మార్చి మళ్లీ అడిగాము.

ఇలాంటి వాటిని పట్టుకోవడానికి తిరుగు అనువాదం తరువాత ఇంకొక మెట్టు ఉండాలి. అసలు సర్వేలో పాల్గొనని, అదే రకం పని చేసే ఎనిమిది మందినో పది మందినో విడివిడిగా కూర్చోబెట్టి, ప్రతి వాక్యాన్నీ చదివించి, "ఇది మీకు ఏమని అర్థమైంది? మీ మాటల్లో చెప్పండి" అని అడగాలి. ఆ తరువాత "ఈ జవాబే ఎందుకు పెట్టారు?" అని అడగాలి. వారు చెప్పినదానిని వారి మాటల్లోనే రాసుకోవాలి. నర్సుల విషయంలో ఈ మెట్టు దగ్గరే "పర్యవేక్షకురాలు" పోయి "ఇన్‌చార్జి సిస్టర్", "ఒత్తిడి"కి తోడుగా "టెన్షన్", "యాజమాన్యం" స్థానంలో "మేనేజ్‌మెంట్" వచ్చి చేరతాయి. ప్రశ్నావళిలో "డ్యూటీ" అని రాయడానికి సిగ్గుపడనక్కరలేదు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ వరకు అందరికీ ఒకేలా అర్థమయ్యే మాటలలో అది ఒకటి. రెండు రాష్ట్రాలలోనూ సర్వే చేసేవారు ఈ సంభాషణలను రెండు చోట్లా జరపాలి.

తెలుగు వ్యాకరణమే వేసే చిక్కుముళ్లు మరికొన్ని ఉన్నాయి. మొదటిది వ్యతిరేక వాక్యాలది. చాలా కొలమానాలలో జవాబిచ్చేవారు శ్రద్ధగా చదువుతున్నారో లేదో తెలియడానికి కొన్ని వాక్యాలను తిరగేసి రాస్తారు. "మా ఇన్‌చార్జి నా మాట పట్టించుకోదు" అన్న వాక్యం వినగానే పట్టించుకునే ఇన్‌చార్జి ఉన్న సిస్టర్ "లేదండీ, పట్టించుకుంటారు" అంటుంది, పట్టించుకోని ఇన్‌చార్జి ఉన్న సిస్టర్ "అవునండీ, పట్టించుకోరు" అంటుంది. నోటి మాటలో ఎవరికీ అనుమానం రాదు. దీనిని "ఒప్పుకుంటాను, ఒప్పుకోను" అన్న గడులలోకి దించేసరికి "పట్టించుకోదు అన్నదానిని ఒప్పుకోను" అనే రెండు కాదనడాల ముడి పడుతుంది, కొందరు తొందరలో తారుమారుగా టిక్కు పెడతారు. వ్యతిరేకార్థాన్ని క్రియతో కాకుండా మాటతో తేవడం దీనికి విరుగుడు: "మా ఇన్‌చార్జి నా మాటను తీసిపారేస్తారు". ఇక్కడ కాదనే క్రియ లేదు, అర్థం మాత్రం తిరగబడే ఉంది. గౌరవ వాచకం కూడా గమనించండి. "పట్టించుకోదు" అని అచ్చులో చూసిన సిస్టర్, ఈ కాగితం ఇన్‌చార్జి కంట పడితే ఎలా అని భయపడుతుంది. "పట్టించుకోరు" అని ఉంటే ఆ భయం కొంత తగ్గుతుంది.

రెండవది జవాబుల గడులలోనిది. ఎంత తరచుగా జరుగుతుంది అని అడిగే కొలమానాలలో ఒక చివర "ఎప్పుడూ" అని రాసినవారిని నేను చూశాను. తెలుగులో ఆ మాటకు అర్థం పక్కన వచ్చే క్రియను బట్టి ఉంటుంది: "ఎప్పుడూ వస్తుంది", "ఎప్పుడూ రాదు". గడిలో ఒంటరిగా నిలబెడితే రెండు చివరలకూ అదే సరిపోతుంది. దాని బదులు "ప్రతిరోజూ", "వారానికి ఒకటి రెండు సార్లు", "నెలకు ఒకసారి", "ఒక్కసారి కూడా లేదు" వంటి లెక్కకు అందే మాటలు వాడాలి.

మూడవది మధ్య గడి. రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రతిపాదించిన ఐదు మెట్ల పద్ధతిలో మధ్యది అటూ ఇటూ కాని అభిప్రాయం. దానిని "ఏమీ చెప్పలేను" అని అనువదిస్తే అది అభిప్రాయం కాకుండా తప్పించుకునే దారి అవుతుంది, భయపడినవారందరూ అక్కడికి చేరతారు. "కొంత ఒప్పుకుంటాను, కొంత ఒప్పుకోను" అని రాసి, తెలియదు అనేవారికి విడిగా ఇంకొక గడి ఇవ్వడం మంచిది. విశ్లేషణలో ఆ గడిని అంకెగా లెక్కించకూడదు.

కాగితాలు పంచడం, తిరిగి తీసుకోవడం

అనుమతి హెచ్‌ఆర్ విభాగం నుంచే తీసుకోవాలి, కాగితాలు మాత్రం వారి చేతుల మీదుగా వెళ్లకూడదు, రాకూడదు. ఇది కఠినంగా పాటించవలసిన నియమం. హెచ్‌ఆర్ గుమస్తా బల్ల మీద కుప్పగా పేరుకున్న ప్రశ్నావళుల్లో నిజం ఉంటుందని నేను నమ్మను. మూసి అంటించే కవరుతో సహా ఇచ్చి, తాళం వేసిన పెట్టెలో వేయించుకోవాలి. రెండు విడతలనూ జతపరచడానికి పేరు, ఉద్యోగి సంఖ్య అడగనక్కరలేదు. తల్లి పేరులోని మొదటి అక్షరం, పుట్టిన తేదీలోని రోజు, తన ఫోను నంబరులోని చివరి రెండు అంకెలు కలిపి ఎవరి గుర్తును వారే తయారు చేసుకునేలా చెప్పవచ్చు. విశ్వవిద్యాలయంలో నైతిక సమీక్షా సంఘం ఉంటే దాని ఆమోదం ముందే పొందాలి, ఇష్టం లేనివారు మధ్యలో మానేయవచ్చని మొదటి పేజీలోనే రాయాలి. పరిశోధకుడు వార్డులో నిలబడి చూస్తుంటే మనుషుల తీరు మారుతుందన్న సంగతి, షికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 వరకు జరిగిన అధ్యయనాల పేరుతోనే నేటికీ చెప్పుకుంటాము. కాబట్టి కాగితాలు ఇచ్చి పక్కకు వెళ్లిపోవాలి.

ఎంతమందిని అడగాలన్నదానికి అందరూ క్రెజ్‌సీ, మోర్గన్‌ల 1970 నాటి పట్టికను చూపుతారు: 1000 మంది ఉంటే 278, పదివేల మంది ఉంటే 370. ఆ పట్టిక యాదృచ్ఛిక నమూనా (లాటరీ పద్ధతిలో ఎంపిక చేసినవారు) కోసం, ఒక నిష్పత్తిని అంచనా వేయడానికి తయారైనది. తెలిసినవారి ద్వారా దొరికినవారిని అడిగి, 278 మంది అయ్యారు గనుక సరిపోయిందనడం ఆ పట్టికకు అన్యాయం. మీరు చేయబోయే పరీక్షకు, మీరు ఆశించే సంబంధం పరిమాణానికి ఎంతమంది కావాలో జీపవర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో లెక్కవేసి, రెండవ విడతకు రానివారిని దృష్టిలో పెట్టుకుని ఇంకొందరిని చేర్చండి. ఒకే ఇన్‌చార్జి కింద పనిచేసేవారి జవాబులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. అందుచేత ఎవరు ఏ వార్డో, పేరు బయటపడని సంకేతంతో, మొదటి నుంచే నమోదు చేయాలి. ఆ వివరం తరువాత ఎక్కడా దొరకదు.

అంకెలు చేతికి వచ్చాక

మొదటి పని శుభ్రపరచడం. అన్ని గడులలోనూ 4 పెట్టుకుంటూ పోయినవారిని, తిరగేసిన వాక్యానికి కూడా అదే జవాబు ఇచ్చినవారిని గుర్తించి, తీసివేసిన సంఖ్యను రాయాలి. తిరగేసిన వాక్యాల అంకెలను తిప్పడం మరిచిపోతే, వాక్యాల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొందికగా ఉన్నాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా పడిపోతుంది, ఒక్కొక్కసారి రుణ సంఖ్య కూడా వస్తుంది. ఆల్ఫాను ఒక్కొక్క భావనకు విడిగా చూడాలి. 0.70 దాటితే చాలన్నది వాడుకలో స్థిరపడిన అంచనా మాత్రమే. ఆల్ఫా బాగున్నంత మాత్రాన కొలమానం కొలవవలసినదానినే కొలుస్తోందని కాదు. మిల్లు పెద్దాయన లాంటివారు వందమంది ఒకే రీతిన పొరబడినా ఆల్ఫా బాగానే వస్తుంది. నిర్ధారక కారకాంశ విశ్లేషణ (ఏ వాక్యాలు ఏ భావన కింద చేరతాయో సరిచూసే గణాంక పద్ధతి) చేసి, తెలుగు రూపం కూడా మూలంలోని నిర్మాణాన్నే చూపుతోందో లేదో పరిశీలించాలి. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు, ఆర్, జాస్ప్ రెండూ ఉచితమే. ఆశించిన సంబంధం కనబడకపోతే కనబడలేదనే రాయండి. ఫలితం చూశాక పరికల్పనను (ముందుగా వేసుకున్న ఊహను) మార్చి, మొదటి నుంచీ అదే అనుకున్నట్టు రాయడం విద్యాపరమైన మోసం.

రాతలో రెండు జాగ్రత్తలు చాలు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం సారూప్యత (ఇతరుల రాతతో కలిసే భాగం) 10 శాతం దాటితే చర్యల పరిధిలోకి వస్తుంది, సాహిత్య సమీక్షను సొంత మాటల్లో రాసేవారికి ఆ బెడద ఉండదు. నమ్మదగిన పత్రికల పేర్లిచ్చే యూజీసీ కేర్ జాబితాను 2025లో నిలిపివేశారు గనుక, డబ్బు కట్టగానే వారంలో అచ్చువేసే పత్రికలను గుర్తించే బాధ్యత ఇప్పుడు మీదీ, మీ గైడ్‌దీ.

సిద్ధాంత గ్రంథం చివర అనుబంధంలో ఇంగ్లిష్ ప్రశ్నావళిని ఒక్కదానినే పెట్టి వదిలేసే అలవాటు మన దగ్గర ఉంది. కర్తలు అనుమతించిన మేరకు తెలుగు పాఠాన్ని పూర్తిగా పెట్టండి. దాని పక్కనే, ఏ వాక్యాన్ని ఎవరు ఎలా పొరబడితే ఎలా మార్చారో చూపే పట్టికను కూడా చేర్చండి. గ్రంథం, పీహెచ్‌డీ గ్రంథాలను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలోకి ఎక్కిన తరువాత మరొక ఊరిలో, మరొక ఆసుపత్రిలో ఇదే ప్రశ్న అడగబోయే పరిశోధకురాలు మొదట వెతికేది ఆ రెండు పేజీలనే.