పలకల కోతకు కొన్న పాత చైన్ రంపం వేడెక్కగానే బలం తగ్గుతోందా?

సమస్య: చల్లగా ఉన్నప్పుడు రంపం ఒక్క లాగుకే స్టార్టవుతుంది, కొమ్మలు నరికినంతసేపూ ఏ లోపమూ కనిపించదు. వేప మొద్దునో తుమ్మ మొద్దునో నిలువునా పలకలుగా కోయడం మొదలుపెట్టిన కాసేపటికే నీరసిస్తుంది. ట్రిగ్గర్ వదిలినా ఇంజిన్ వేగం వెంటనే దిగదు.

గాలి ఫిల్టర్, చైన్ పదును, బార్‌కు ఆయిల్ అందడం ముందుగా మీరే చూసుకొని ఉంటారు. అడ్డకోతకు 30 డిగ్రీల కోణంలో సానబట్టిన చైన్‌తోనే నిలువుకోత కోస్తూ ఇంజిన్‌ను తిట్టేవారూ ఉన్నారు. ఈ పనికి 10 డిగ్రీల కోణం మేలు. ఇంజిన్ 60 సీసీకి తక్కువైతే వెడల్పు మొద్దుల జోలికి పోవద్దు.

అసలు కారణం: ఎక్కువగా మోసం చేసేది గాలి పీల్చడం. ఏళ్ల తరబడి షెడ్డులో పడి ఉన్న రంపంలో క్రాంక్ షాఫ్ట్ సీళ్లు (ఇంజిన్ ఇరుసు చుట్టూ గాలి చొరబడకుండా ఆపే రబ్బరు రింగులు), కార్బురేటర్ వెనుక ఉండే రబ్బరు గొట్టం గట్టిపడి, ఆ సందుల్లోంచి అదనపు గాలి లోపలికి వెళుతుంది. పెట్రోలుతోనే ఆయిల్ అందే టూ స్ట్రోక్ ఇంజిన్‌లో మిశ్రమం పలచబడితే (గాలి ఎక్కువై పెట్రోలు తగ్గితే), నిలువుకోతలో ఫుల్ థ్రాటిల్ మీద నిమిషాల తరబడి నడిచే పిస్టన్‌కు వేడి పెరిగి, గోడలు గీసుకుపోతాయి. కర్నూలు, అనంతపురం ఎండలు దానికి తోడవుతాయి. అమ్మేవారు కార్బురేటర్ స్క్రూ కొంచెం విప్పి పెట్రోలు ఎక్కువ వెళ్లేలా పెడితే, మీ ముందు స్టార్ట్ చేసినప్పుడు ఈ లోపమేదీ బయటపడదు.

అందుకే కొనేవారైతే డబ్బు చేతికివ్వక ముందే, ఇప్పటికే కొన్నవారైతే ఇప్పుడైనా, ఇంజిన్ చల్లగా ఉండగా సైలెన్సర్ బోల్టులు విప్పి, స్టార్టర్ తాడు మెల్లగా లాగుతూ టార్చి వెలుగులో పిస్టన్‌ను చూడాలి. టీ తాగేంతసేపు కూడా పట్టని ఈ పనిని ఎన్నిసార్లు చెప్పినా వదిలేస్తారు, పెయింటు మెరుపు మాత్రం చూస్తారు. పక్కన నిలువుగా గీతలుండి, లోహం పూసుకుపోయినట్లు కనిపిస్తే ఆ రంపం ఉన్న స్థితిలో పలకల కోతకు పనికిరాదు.

పరిష్కారం: పిస్టన్ నున్నగా ఉంటే, రెండు వైపుల సీళ్లనూ, రబ్బరు గొట్టాన్నీ ఒకేసారి మార్పించండి. ఆ తరువాత మెకానిక్ చేత ప్రెషర్ (ఇంజిన్‌లోకి గాలి నింపి), వాక్యూమ్ (లోపలి గాలి లాగేసి) రెండు లీకు పరీక్షలూ చేయించాలి. గాలి నింపినప్పుడు నిలిచే సీలు కూడా వాక్యూమ్‌లో లీకవ్వొచ్చు. కార్బురేటర్‌ను ఆఖరున, ఇంజిన్ వేడెక్కాకే సరిచేయాలి. కొనకముందే పిస్టన్ గీసుకుపోయి కనిపిస్తే సిలిండర్ కిట్ (కొత్త సిలిండర్, పిస్టన్) ధరను బేరంలో తగ్గించుకోండి, తగ్గించకపోతే వదిలేయండి.

పెట్రోలు ట్యాంకు వెంట్ (ట్యాంకులోకి గాలి వెళ్లే రంధ్రం) మూసుకుపోవడం, వేడికి ఇగ్నిషన్ కాయిల్ (ప్లగ్‌కు కరెంటు ఇచ్చే చుట్ట) ఆగిపోవడం కూడా కారణం కావచ్చు. మూత వదులు చేయగానే ఇంజిన్ కోలుకుంటే మొదటిది, ఆగిన వెంటనే ప్లగ్‌లో స్పార్కు లేకపోతే రెండోది.