జీవిత భాగస్వామి పోయాక కొత్త తోడు: సుఖవ్యాధుల పరీక్షలు ఎలా చేయించుకోవాలి?

ఏళ్ల తరబడి ఒకే మనిషితో కాపురం చేసినవాళ్ల లెక్కలో కండోమ్ అంటే గర్భం రాకుండా వాడేదే. ఆ వయసు దాటాక కొత్త తోడు దొరికితే దాని ఊసే ఉండదు. అమెరికాలో వృద్ధ దంపతుల వైద్య రికార్డులపై 2009లో వచ్చిన అధ్యయనంలో, భార్యను పోగొట్టుకున్న మగవాళ్లలో సుఖవ్యాధులు బయటపడడం పెరిగినట్టు తేలింది. 1998లో వయాగ్రా వచ్చాక అది మరింత ఎక్కువైంది.

ముందుగా డాక్టరు. సుఖవ్యాధుల నిపుణులైనా, మామూలు ఫిజీషియన్ అయినా పర్వాలేదు. ‘ఫుల్ బాడీ చెకప్’ చేయించాం కదా అని ఊరుకోవద్దు, అందులో ఇవి సాధారణంగా ఉండవు. పేర్లు పెట్టి అడగండి: హెచ్ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి, సి, గనేరియా, క్లమీడియా.

తర్వాత శాంపిల్. రక్తం సంగతి ల్యాబ్ వాళ్లు చూసుకుంటారు. పాడయ్యేది మూత్రమే. కనీసం గంటసేపు మూత్రానికి వెళ్లకుండా ఉండి, మొదట వచ్చే 20-30 మిల్లీలీటర్లే పట్టాలి. కల్చర్ పరీక్షకు ఇచ్చిన అలవాటుతో మధ్యలోది పడితే క్లమీడియా దొరక్కపోవచ్చు. ఆడవాళ్లకు మూత్రం కంటే యోని స్వాబ్ (దూదిపుల్లతో తీసే నమూనా) మేలు, ఎవరికి వారే తీసుకోవచ్చు. నోటితోనో, మలద్వారం ద్వారానో సంపర్కం జరిగి ఉంటే అక్కడి స్వాబ్‌లు విడిగా ఇవ్వాలి.

ఇక అందరూ బోల్తా పడేది తేదీల దగ్గర. వ్యాధి సోకిన మర్నాడే పరీక్షలో తేలదు. ఆ మధ్య కాలాన్నే విండో పీరియడ్ అంటారు. గనేరియా, క్లమీడియాలకు రెండు వారాలు ఆగితే చాలు. హెచ్ఐవీకి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్ష (వైరస్ భాగాన్నీ, దానిపై శరీరం తయారుచేసే యాంటీబాడీలనూ వెతికేది) 18 నుంచి 45 రోజుల్లో పట్టుకుంటుంది. వేలి చుక్కతో చేసే యాంటీబాడీ కిట్‌కు 23 నుంచి 90 రోజులు పడుతుంది. అందుకే ఇంట్లో కిట్ వద్దు, ల్యాబ్‌కే వెళ్లండి. సిఫిలిస్ పుండు కనిపించడానికే ఒక్కోసారి 90 రోజులు పడుతుంది. వారం తిరక్కుండానే పరీక్ష చేయించి, ‘నెగెటివ్’ కాగితం చూపించి కండోమ్ పక్కన పెట్టడం కంటే అసలు పరీక్షే చేయించకపోవడం నయం. కనీసం భయమైనా మిగులుతుంది.

లెక్క ఎక్కడి నుంచి? భాగస్వామి పోయిన రోజు నుంచి కాదు, ఎవరితోనైనా రక్షణ లేకుండా చివరిసారి కలిసిన రోజు నుంచి. ఇద్దరూ ఒకేసారి ఇప్పుడొక పరీక్ష, ఇద్దరి తేదీల్లో తర్వాత వచ్చిన దాని నుంచి 90 రోజులు దాటాక మరొకటి చేయించుకోవాలి. ఈలోగా ప్రతిసారీ కండోమ్. ‘మా వయసులో ఇవెందుకు’ అనేవాళ్లతో రెండో పరీక్ష దాకా కండోమ్ మాట వదలకండి.

పోయిన మనిషికి హెచ్ఐవీ ఉందని తెలిసినా, అనుమానమున్నా వెంటనే పరీక్షకు వెళ్లాలి. చివరి కలయిక జరిగి 90 రోజులు దాటిపోతే ఒక్క పరీక్షతోనే తేలుతుంది. బరువు తగ్గడం, విడవని జ్వరం, రాత్రిళ్లు చెమటలు పట్టడం లాంటివి దిగులు వల్లేనని సర్దిచెప్పుకోవద్దు.

సిఫిలిస్ పాజిటివ్ వస్తే వెంటనే ఒకరినొకరు నిలదీసుకోకండి. ఎప్పుడో నయమైపోయినా టీపీహెచ్ఏ అనే రక్తపరీక్ష సాధారణంగా జన్మంతా పాజిటివ్‌గానే ఉంటుంది. ఇప్పుడు జబ్బు ఉందా లేదా అన్నది ఆర్‌పీఆర్ అనే మరో రక్తపరీక్షలో వచ్చే టైటర్ (యాంటీబాడీల మోతాదు), పాత చికిత్స వివరాలు చూసి డాక్టరు చెబుతారు.

రక్షణ లేకుండా కలిశాక ఎదుటివారికి హెచ్ఐవీ ఉండొచ్చని తెలిస్తే విండో లెక్కలు వేస్తూ కూర్చోవద్దు. 72 గంటల్లోపు నివారణ మందులు మొదలుపెట్టాలి, అవి 28 రోజులు వాడాలి.

గనేరియా, క్లమీడియా తేలితే ఇద్దరూ మందు వాడాలి. ఒక్కరే వాడితే మళ్లీ అంటుకుంటుంది. మందు పూర్తయ్యాక ఏడు రోజులు కలవకూడదు. మూడు నెలలకు మళ్లీ పరీక్ష.

కండోమ్‌తో నూనె, వ్యాజలైన్ వాడితే లేటెక్స్ చిరుగుతుంది. నెలసరి ఆగిన ఆడవాళ్లలో పొడిబారిన యోని గీరుకుపోయి వ్యాధి తేలిగ్గా సోకుతుంది, కాబట్టి నీటి ఆధారిత లూబ్రికెంట్ తప్పనిసరి. గుండెజబ్బుకు నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు వయాగ్రా జోలికి పోకూడదు, బీపీ ప్రాణం మీదికి వచ్చేంతగా పడిపోతుంది. హెపటైటిస్-బి లేదని, దాన్ని తట్టుకునే రోగనిరోధక శక్తీ లేదని తేలితే టీకా వేయించుకోండి: మొదటి డోసు తర్వాత నెలకు ఒకటి, ఆరో నెలలో ఇంకొకటి.