చైనా ముఖ సాముద్రికం: ముఖాన్ని ఏ వరుసలో, ఎలా చదవాలి

చైనాలో మియెన్‌శియాంగ్ అని పిలిచే ముఖ పరీక్షను నేర్చుకోబోయేవారు సాధారణంగా ముక్కు ఇలా ఉంటే ధనం, చెవి అలా ఉంటే ఆయుష్షు అని చెప్పే పట్టికలతో మొదలుపెడతారు. మన పంచాంగాలలో అచ్చయ్యే పుట్టుమచ్చల ఫలితాలకు అలవాటుపడిన తెలుగు పాఠకులకు ఆ పద్ధతి సహజంగానే తోస్తుంది. అయితే చైనా సంప్రదాయంలో ఏ అవయవానికీ ఒంటరిగా ఫలితం చెప్పరు. అది మిగిలిన ముఖంతో ఎలా పొసగుతోంది, ఆ మనిషి ఇప్పుడు ఏ వయసులో ఉన్నాడు అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికిన తర్వాతే మాట పైకి వస్తుంది. అందుచేత ఈ వ్యాసంలో ఫలితాల పట్టికకన్నా చూపు సాగవలసిన వరుసకే ఎక్కువ చోటిచ్చాను. ఈ ఫలితాలకు శాస్త్రీయమైన నిరూపణ లేదు కనుక, కింద కనిపించే ప్రతి ఫలితాన్నీ సంప్రదాయం చెప్పే మాటగానే తీసుకోవాలి.

పరీక్షకు కూర్చోబెట్టే మనిషి ముఖం మీద అలంకరణ ఉండకూడదు; జుట్టు నుదుటి మీదికి, చెవుల మీదికి పడకుండా వెనక్కి దువ్వి ఉండాలి. పగటి వెలుతురు కావాలి, అందులోనూ ఉదయపు వెలుతురు మేలు. మద్యం తాగి ఉన్నప్పుడు, కోపంలోనో దుఃఖంలోనో ఉన్నప్పుడు ముఖం రంగు మారిపోతుంది కనుక ఆ సమయంలో చూడరు. పురుషుని ముఖాన్ని ఎడమ వైపు నుంచి, స్త్రీ ముఖాన్ని కుడి వైపు నుంచి చదవడం ఆచారం.

మొదట ముఖాన్ని అడ్డంగా మూడు భాగాలుగా చూడాలి. జుట్టు మొదలయ్యే చోటు నుంచి కనుబొమల వరకు పై భాగం. ఇది ఆకాశానికి, యౌవనానికి, తల్లిదండ్రుల వల్ల సంక్రమించినదానికి గుర్తు. కనుబొమల నుంచి ముక్కు కొస వరకు మధ్య భాగం. ఇది మనిషికి, నడివయసుకు, స్వయంకృషికి గుర్తు. అక్కడి నుంచి గడ్డం చివర వరకు కింది భాగం. ఇది భూమికి, వృద్ధాప్యానికి గుర్తు. మూడూ ఇంచుమించు సమానంగా ఉంటే జీవితం ఒడిదుడుకులు లేకుండా సాగుతుందని, ఒకటి మిగిలిన రెండింటికన్నా పొడవుగా ఉంటే ఆ వయసులోనే మనిషి నిలదొక్కుకుంటాడని చెబుతారు.

ఆ తర్వాత ముఖాన్ని ఒక దేశపటంలా చూడాలి. చైనాలోని ఐదు పవిత్ర పర్వతాలను ముఖం మీది ఐదు ఎత్తులకు పేర్లుగా పెట్టారు: నుదురు దక్షిణాన హూనాన్‌లో ఉన్న హెంగ్ పర్వతం, గడ్డం ఉత్తరాన షాన్‌శీలో ఉన్న మరొక హెంగ్ పర్వతం, ఎడమ చెంప ఎముక తూర్పున ఉన్న తాయ్ పర్వతం, కుడి చెంప ఎముక పడమటి హువా పర్వతం, నడుమ నిలిచిన ముక్కు హెనాన్‌లోని సాంగ్ పర్వతం. చైనావారి పాత పటాలలో కొన్నింట దక్షిణం పైన ఉంటుంది; ఇక్కడా పైనున్న నుదురే దక్షిణం. కొండలున్న చోట నదులూ ఉంటాయి: చెవులు యాంగ్జీ, కళ్ళు పసుపు నది, నోరు హువాయ్, నాసికారంధ్రాలు జీ నది. కొండలు ఎత్తుగా, ఒకదానివైపు ఒకటి ఒరిగినట్లు ఉండాలి. నదులు లోతుగా, స్వచ్ఛంగా, గట్లు తెగకుండా ఉండాలి. ఈ ఒక్క సూత్రం మనసుకు పడితే తక్కిన నియమాలలో చాలావాటిని బట్టీపట్టవలసిన పని ఉండదు. ఉదాహరణకు, ముక్కు ఎంత తీరుగా లేచినా చెంప ఎముకలు అణగిపోయి ఉంటే దానిని ఒంటరి శిఖరం అంటారు. అటువంటి వ్యక్తి పైకి వస్తాడు గాని అతనికి ఆసరాగా నిలిచేవారు ఉండరని భావిస్తారు.

ఇక అవయవాలకు రావచ్చు. చెవులు, కనుబొమలు, కళ్ళు, ముక్కు, నోరు అనే ఐదింటినీ ఐదుగురు అధికారులుగా చెబుతారు. చెవి వినికిడిని సేకరించే అధికారి. చెవి పైఅంచు కనుబొమకన్నా ఎత్తుగా ఉంటే చిన్ననాటనే పేరు వస్తుందని, తమ్మె నిండుగా ఉంటే భోగమని అంటారు. సాంగ్ కాలపు మహారచయిత ఔయాంగ్ శియూకు (1007–1072) చిన్నతనంలో ఒక బౌద్ధ భిక్షువు, ముఖంకన్నా చెవులు తెల్లగా ఉన్నాయి కనుక కీర్తి లోకమంతా వ్యాపిస్తుందని, పెదవులు పళ్ళను కప్పడంలేదు కనుక కారణం లేకుండా నిందలు వస్తాయని చెప్పాడట. ఈ సంగతిని ఆయన శిష్యుడైన సు షి రాసిపెట్టాడు. ఒకే ముఖంలో ఒక మంచి, ఒక చెడు. రెండింటినీ కలిపి చెప్పడమే ఈ విద్యలో మెచ్చుకోదగిన పద్ధతి.

కనుబొమలు ఆయుష్షుకు, అన్నదమ్ములకు స్థానం. అవి కంటికన్నా పొడవుగా, వెంట్రుకలు ఒకే వైపు ఒదిగి ఉండాలి. రెండు కనుబొమల నడుమ చోటును జీవిత మందిరం అంటారు; అది రెండు వేళ్ళు పట్టేంత వెడల్పుగా, నునుపుగా ఉంటే మంచిది. బొమలు కలిసిపోయి అక్కడ చోటు లేకపోతే మనసు ఇరుకని, ఒకే ఒక్క నిలువు గీత ఉంటే దానిని వేలాడే సూది అని పిలిచి, మొండితనానికి, ఒంటరి పోరాటానికి గుర్తుగా చెబుతారు. కంటి బయటి కొసలు దాంపత్యానికి, కళ్ళ కింది భాగం సంతానానికి, కణతల పై భాగం ప్రయాణానికి, ఊరు మారడానికి స్థానాలు. విదేశయానం గురించి అడగాలనుకునే తెలుగువారు ముందుగా చూపించవలసింది కణతలే.

కళ్ళ దగ్గర మాత్రం తొందరపడకూడదు. ముఖమంతటికీ పది మార్కులు వేస్తే అందులో సగం కళ్ళకే ఇవ్వాలన్నది అనుభవజ్ఞుల మాట. ఆకారం ముఖ్యమే, సన్నగా, పొడవుగా, కొస పైకి లేచిన కన్నును ఫీనిక్స్ కన్ను అంటారు, ‘మూడు రాజ్యాల కథ’ అనే చైనా నవలలోని వీరుడు గువాన్ యూకు ఉన్నవి అవే. నల్లగుడ్డుకు ఇరుపక్కలా కాక కిందనో పైననో కూడా తెల్లదనం కనిపిస్తే మూడు తెలుపుల కన్నుగా భావించి జాగ్రత్త చెబుతారు. అయితే ఆకారంకన్నా ముఖ్యమైనది చూపులోని తేజస్సు. నలుపు తెలుపులు స్పష్టంగా విడివడి, వెలుగు ఉండి, ఆ వెలుగు బయటికి చిమ్మకుండా లోపల నిలిచి ఉంటే తక్కిన అవయవాల లోపాలు చాలావరకు తీరిపోతాయని గ్రంథాలు అంటాయి. దీనిని కొలిచే పద్ధతి లేదు. ఆ మనిషి ఏదైనా మాట్లాడుతున్నప్పుడు, ఎదుటివారి మాట వింటున్నప్పుడు, మౌనంగా ఉన్నప్పుడు చూపు ఎలా మారుతోందో గమనించడమే మార్గం. ఛాయాచిత్రం చూసి ఫలితం చెప్పేవారిని నేను నమ్మకపోవడానికి ఇదే కారణం.

ముక్కు ధనస్థానం. కొస గుండ్రంగా, కండతో ఉండాలి. పుటాలు రెండూ దానికి కావలి కాస్తున్నట్లు నిలవాలి. ఎదురుగా నిలబడి చూసినప్పుడు నాసికారంధ్రాలు బాగా కనిపిస్తే వచ్చిన డబ్బు నిలవదంటారు. పై పెదవి మీది గాడి లోతుగా, పొడవుగా ఉంటే దీర్ఘాయువు. ఈ నియమం మీద ఒక చమత్కార కథ ఉంది. ఆ గాడి అంగుళం పొడవుంటే నూరేళ్ళు బతుకుతారని హాన్ చక్రవర్తి వూ అన్నప్పుడు, ఆయన కొలువులో హాస్యానికి పేరుపొందిన దోంగ్‌ఫాంగ్ షువో పక్కున నవ్వాడట. ఎందుకని అడిగితే, ఎనిమిది వందల ఏళ్ళు బతికాడని పురాణాలు చెప్పే పెంగ్‌జూకు ఆ గాడి ఎనిమిది అంగుళాలు ఉండాలి, ఇక ముఖం ఎంత పొడవుండి ఉంటుందో అనుకుని నవ్వొచ్చిందని చెప్పాడట.

నోటి విషయంలో ప్రసిద్ధమైన ఉదంతాన్ని చరిత్రకారుడు సీమా చియెన్ నమోదు చేశాడు. శూ ఫూ అనే ముఖ పరీక్షకురాలు సేనాని జౌ యాఫూను చూసి, మూడేళ్ళకు సామంతపదవి, మరి ఎనిమిదేళ్ళకు మంత్రిపదవి, ఆపైన తొమ్మిదేళ్ళకు ఆకలిచావు అని చెప్పింది. అంతటి పదవిలో ఉన్నవాడికి ఆకలి ఏమిటని అతడు నవ్వితే, నోటిలోకి దిగుతున్న గీతను ఆమె వేలితో చూపించింది. క్రీ.పూ. 154లో హాన్ చక్రవర్తిపై ఏడుగురు సామంతరాజులు లేపిన ఏడు రాజ్యాల తిరుగుబాటును అణచినవాడు ఇతడే. చివరకు రాజద్రోహ నేరం మోపబడి, చెరలో ఐదు రోజులు అన్నం ముట్టక మరణించాడు. అప్పటినుంచి ముక్కు పక్కల నుంచి దిగే గీతలు నోటిలోకి ఒరగకుండా, నోటిని చుట్టి గడ్డంవైపు సాగాలన్న నియమం స్థిరపడింది. అంతా జరిగిపోయిన చాలా ఏళ్ళకు రాసిన కథ ఇది అన్న సంగతిని కూడా చదివేవారు గుర్తుంచుకోవాలి.

ఈ విద్యను చైనాలోనే అందరూ ఒప్పుకోలేదు. క్రీ.పూ. మూడవ శతాబ్దపు తత్త్వవేత్త శున్‌జీ దీనిని ఖండిస్తూ ఒక అధ్యాయమే రాశాడు. మహాపురుషులలో పొడవైనవారూ ఉన్నారు, పొట్టివారూ ఉన్నారు కనుక, రూపంకన్నా మనసును, మనసుకన్నా మనిషి ఎంచుకున్న మార్గాన్ని పరిశీలించడం మేలని ఆయన వాదం. నా మటుకు ఆయన మాటే సబబుగా తోస్తుంది. ఉద్యోగానికో, పెళ్ళి సంబంధానికో మనిషిని ఎంచేటప్పుడు ఈ ఫలితాలను ఆధారం చేసుకుంటే ముఖం చూసి బొట్టు పెట్టినట్లే అవుతుంది.

చివరి మెట్టు వయసు. ముఖం మీద ఒక్కొక్క ఏటికి ఒక్కొక్క చోటు కేటాయించారు: మొదటి 14 ఏళ్ళు చెవులవి, 15 నుంచి 30 వరకు నుదురు, 31 నుంచి 34 వరకు కనుబొమలు, 35 నుంచి 40 వరకు కళ్ళు, 41 నుంచి 50 వరకు ముక్కు, చెంప ఎముకలు, 51 పై పెదవి గాడి, 60 నోరు, 71 గడ్డం. చైనా లెక్కలో పుట్టిన ఏడాదినే ఒకటిగా ఎంచి, చాంద్రమాన నూతన సంవత్సరం రాగానే మరొకటి కలుపుతారు కనుక, మనం చెప్పే వయసుకు ఒకటో, ఒక్కొక్కసారి రెండో చేర్చుకోవాలి.

ఇప్పుడు 47 ఏళ్ళు నిండి, చైనా లెక్కలో 48వ ఏట ఉన్న పురుషుడు ఎదుట కూర్చున్నాడని అనుకుందాం. 48 ముక్కు కొసది. ముందు మూడు భాగాల కొలత చూసి, మధ్య భాగం మిగిలినవాటితో సరితూగుతోందా అని తేల్చుకోవాలి. ఆపైన ముక్కు కొసను, దానికి ఆసరాగా ఉండవలసిన చెంప ఎముకలను, తర్వాత కళ్ళలోని తేజస్సును చూడాలి. అప్పుడు రంగు చూడాలి: ముక్కు కొస మీద లేత పసుపు కాంతి ఉంటే లాభమని, ఎరుపు ఎక్కితే ఖర్చులని, నల్లబారితే ఆరోగ్యం గురించి జాగ్రత్తపడమని చెబుతారు, అసలు ముక్కు కొస ఎర్రబడి చాలా రోజులు తగ్గకపోతే చూపించుకోవలసింది చర్మవైద్యునికి. మూడేళ్ళలో అతని లెక్క పై పెదవి గాడి దగ్గరికి చేరుతుంది కనుక, ఆ గాడి స్పష్టంగా ఉన్నదా, అడ్డగీత ఏమైనా పడిందా అని చూసి, రాబోయే మలుపు గురించి ఒక మాట చెప్పి పరీక్షను ముగిస్తారు.