దూది ఒంటి మీది మరకలు

మా పిల్లి పేరు దూది. చిన్నప్పుడు తెల్లగా ఉండేవాడని పెట్టిన పేరు. ఇప్పుడు ఏడేళ్ల మొగపిల్లి. రాత్రంతా ఊరి మీద పడి తిరిగి, తెల్లారేసరికి మసిగుడ్డలా ఇల్లు చేరతాడు.

మొదటిసారి ఏదో కారు కింద దూరి వీపు నిండా గ్రీజు పూసుకొచ్చినప్పుడు, సైకిల్ చెయిను తుడిచే కిరోసిన్ గుడ్డతో రుద్దేశాను. మరక పోయింది. కాసేపటికే వాడు ఆ చోటు నాక్కుని, సొంగ కారుస్తూ మూలకి చేరాడు. డాక్టరమ్మ పెట్టిన చీవాట్లలో ఒక్కటి ఇప్పటికీ చెవిలో ఉంది: "బొచ్చు మీద పూశావంటే నోట్లో పోసినట్టే."

కాబట్టి కిరోసిన్, పెట్రోలు, టర్పెంటైన్, ఫినాయిల్, బ్లీచింగ్ పొడి దగ్గరికి రానివ్వకండి. సహజమైనవే కదా అని టీ ట్రీ ఆయిల్, యూకలిప్టస్, నిమ్మ, నారింజ నూనెలు కూడా వద్దు. మన కాలేయం విరిచెయ్యగలిగిన చాలా పదార్థాలను పిల్లి కాలేయం విరవలేదు.

ముందు ఆ మరక ఏమిటో చూడండి, వాసన చూడండి. రెండింటి విషయంలో మాత్రం ఇంటి వైద్యం పనికిరాదు. ఒకటి, కారు రేడియేటర్‌లో పోసే కూలెంట్. అందులో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటే కొంచెం నాకినా మూత్రపిండాలు పోతాయి. రెండోది, పెద్ద రేకులు, బయటికి పొడుచుకొచ్చిన కేసరాలు ఉండే లిల్లీల పుప్పొడి. పసుపు, నారింజ రంగు దుమ్ములా అంటుకుంటుంది, అదీ మూత్రపిండాలనే తింటుంది. తడిగుడ్డతో తుడిచి, నాక్కోకుండా తువ్వాల్లో చుట్టి, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇక గ్రీజు సంగతి. నీళ్లు ముట్టుకోకముందే కార్న్‌ఫ్లోర్ చల్లి, వేళ్లతో మొదళ్ల దాకా అద్దండి. మొహం దగ్గర మాత్రం వద్దు, పొడి ముక్కులోకి పోతుంది. ఇరవై నిమిషాలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. అసలు కష్టమంతా ఇక్కడే. ఆ తర్వాత సన్నపళ్ల దువ్వెనతో దువ్వితే నల్లటి పిండి రాలుతుంది. పిండి తెల్లగా రాలేదాకా మళ్లీ మళ్లీ ఇదే పని. నేను మూడుసార్లకు తక్కువ ఎప్పుడూ చెయ్యలేదు.

మిగిలిన జిడ్డుకి గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, గోరువెచ్చటి నీళ్లు. పిల్లి ఒంటి వేడి 38 డిగ్రీల పైనే ఉంటుంది, నీళ్లూ దాదాపు అంతే ఉండాలి. మరక ఉన్న మేరకే కడగండి. మొత్తం పిల్లిని ముంచితే అది స్నానం కాదు, యుద్ధం. టబ్బు అడుగున పాత తువ్వాలు పరిస్తే కాళ్లు జారవు, సగం భయం అక్కడే తగ్గుతుంది. కుళాయి చప్పుడు వద్దు, మగ్గుతో పొయ్యండి. గోళ్లు ముందురోజే కత్తిరించుకోండి. సబ్బు రుద్దిన దానికంటే రెట్టింపు సేపు నీళ్లతో జాడించాలి, ఎందుకంటే మిగిలిన సబ్బు వెళ్లేదీ వాడి పొట్టలోకే.

తారు, చెట్టు బంక, ఎలుకల కోసం పెట్టే జిగురు అట్ట, వీటిని పీకకండి. వంటనూనె రాసి మెల్లగా పిసికితే మెత్తబడుతుంది. గుడ్డతో తుడిచి, పైన చెప్పినట్టు లిక్విడ్‌తో కడగాలి. జిగురుకి ఓసారి నాకు గంటన్నర పట్టింది. ఎండిపోయిన ఆయిల్ పెయింటైతే కత్తిరించడమే దారి. పిల్లి చర్మం పల్చన, బొచ్చు లాగితే దాంతోపాటే పైకి లేస్తుంది. అందుకే చర్మానికీ బొచ్చుకీ మధ్య దువ్వెన దూర్చి, దాని పైనుంచి మాత్రమే కత్తెర వెయ్యండి. చెయ్యి వణికితే ఆ పని డాక్టరుకి వదిలెయ్యండి.

బురదకి ఇంత హంగామా అక్కర్లేదు. ఎండనిచ్చి దువ్వితే రాలిపోతుంది.

కొన్ని అసలు మరకలే కావు. ఆపరేషన్ చేయించని మొగపిల్లికి తోక మొదట్లో జిడ్డుగా, గోధుమరంగుగా ఉంటే అది అక్కడి గ్రంథుల నూనె. ఎంత కడిగినా మళ్లీ ఊరుతుంది. బొచ్చులో మిరియపు పొడిలాంటి నల్లటి నలుసులుంటే తడి తెల్లకాగితం మీద వేసి చూడండి. చుట్టూ ఎర్రగా దిగితే అవి గోమార్ల (ఫ్లీలనే రక్తం తాగే పురుగుల) రెట్ట. శుభ్రంగా ఉండే ముసలి పిల్లి ఉన్నట్టుండి మాసిపోతుంటే, పళ్లో కీళ్లో నొప్పెట్టి నాక్కోవడం మానేసిందేమో చూపించండి.

కడిగాక తువ్వాలుతో అద్ది, గాలి తగలని వెచ్చటి చోట పూర్తిగా ఆరనివ్వాలి. దూది ఆ పూట నా మొహం చూడడు. పోయిన నెల తారు మరక ఎడమ భుజం మీద ఇంకా లేతగా కనిపిస్తూనే ఉంది. బొచ్చు రాలినప్పుడు దాంతోపాటే పోతుందని ఇక దాని జోలికి పోవడం లేదు.